గోడ వారన తీగలు ఎందుకు నిలవట్లేదు, ఏళ్ళ తరబడి నిలవాలంటే ఏం చెయ్యాలి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. విజయవాడలో కొత్తిల్లు, పడమర వాకిలి, గేటు పక్కనుంచి పాతిక అడుగుల కాంపౌండ్ వాల్, పోయినేడు ఉగాది వెళ్ళిన రెండు వారాలకి కడియం నుంచి మొక్కలు తెప్పించి రాధామనోహరం, సన్నజాజి, కాగితం పూలు, నూరువరహాలు వేయించారు. ఏడాది తిరిగేసరికి రాధామనోహరం ఎండిపోయింది, కాగితం పూల తీగ గోడెక్కి రోడ్డు మీదకి వాలింది గానీ ఒక్క పువ్వు లేదు, సన్నజాజికి ఆకులే ఆకులు, నూరువరహాలు పసుపుపచ్చగా తిరిగిపోయింది. రెండు పూటలా నీళ్ళు పోస్తున్నాం, నెలనెలా యూరియా వేస్తున్నాం, అయినా ఇలా ఎందుకు, మా చేతికి మొక్కలు అచ్చిరావేమో అన్నారు. తీగలుంటే పాములొస్తాయని మీ అత్తగారు భయపడుతున్నారని, ఇంట్లో మూడేళ్ళ పాప ఉందని, డల్లాస్‌లో ఉన్న మీ చెల్లి కూడా ఇదే అడుగుతోందని రాశారు. అన్నిటికీ చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఆ అచ్చిరావేమో అన్న మాట మనసులోంచి తీసెయ్యండి. మీరు వేసిన నాలుగూ మొండి మొక్కలే, ఒక్కసారి వేరు పట్టాయంటే పాతికేళ్ళు నిలిచే రకాలు. తప్పు మొక్కల్లో లేదు, మీ చేతిలో అంతకన్నా లేదు, నాటిన నెలలోనూ తవ్విన గుంటలోనూ పోసే నీళ్ళలోనూ ఉంది. నేను తెనాలిలో ఇరవై రెండేళ్ళుగా పెంచుతున్నాను, మేము ఈ ఇల్లు కట్టుకున్న మొదటి రెండేళ్ళు గోడ వారన వేసిన ప్రతి మొక్కా పోయింది, ఒకటీ రెండూ కాదు పదకొండు మొక్కలు. మూడో ఏడు మా నాన్నగారు వచ్చి గునపం తీసుకుని ఒక్క అడుగు తవ్వి చూపించారు, పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద అంతా ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు గడ్డలు, కంకర, టైల్ ముక్కలు, పెయింటు డబ్బా మూత కూడా ఒకటి. మేస్త్రీలు మిగిలింది మిగిలినట్టు గోడ వారనే పడేసి పైన ఒక ట్రాక్టర్ మట్టి కప్పేసి వెళ్ళిపోతారండి, కొత్తిళ్ళల్లో చాలాచోట్ల ఇదే. మీ గోడ కింద కూడా అదే ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే మీ నూరువరహాలు ఆ సంగతి చెప్పేస్తోంది. ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయన్నారు కదా, అది ఇనుము అందని లక్షణం. సిమెంటులో సున్నం ఉంటుంది, ఆ సున్నం నేలలో కలిసేకొద్దీ క్షారం పెరిగి, నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేకపోతుంది. నూరువరహాలకి కొంచెం పులుపు నేల కావాలి, సిమెంటు గోడ పక్కన దానికి ముద్ద దిగదు.

ఇంక రాధామనోహరం సంగతి. అది ఎండకి చచ్చిపోయే తీగ కాదు, కానీ మీరు ఏప్రిల్లో పడమర గోడకి ఆనించి పెట్టారు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండ నేరుగా గోడకి కొడుతుంది, ఆ గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా చెయ్యి పెడితే వేడిగానే ఉంటుంది, అంటే అప్పుడే కవర్లోంచి తీసిన మొక్కకి పగలూ రాత్రీ పొయ్యి పక్కన కూర్చున్నట్టే. దానికితోడు ఇంకోటి ఉంది. కడియం, కడియపులంక, బుర్రిలంక వైపు నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగట నల్లమట్టి ముద్దలో ఉంటాయి, దూరం ప్రయాణం చేసినా వేరు కదలకుండా ఉండటానికి ఆ మట్టి చాలా బాగా పనికొస్తుంది, అందుకే మొక్క మన ఇంటికి తాజాగా వస్తుంది. కానీ ఆ ముద్దని అలాగే తీసుకెళ్ళి గుల్లగా ఉన్న ఎర్రమట్టిలో పెడితే, ఒక్కసారి ఎండిందంటే రాయి అయిపోతుంది, మీరు పోసిన నీళ్ళు ముద్ద చుట్టూ జారి కిందకి పోతాయి గానీ ముద్ద లోపలికి వెళ్ళవు. పైన మట్టి తడిగా కనపడుతుంది, లోపల వేరు దాహంతో చస్తుంది. మీ ఎండిపోయిన మొక్కని పీకి చూడండి, ఆ ముద్ద ఇంకా కవర్ ఆకారంలోనే ఉంటుంది, బయటికి ఒక్క వేరు కూడా పాకి ఉండదు.

ఇప్పుడు మంచి సమయంలో అడిగారు. రోహిణి కార్తె నడుస్తోంది, రోళ్ళు పగిలే ఎండ, ఇప్పుడు ఒక్క మొక్క కూడా నాటొద్దు, కొనొద్దు కూడా. కానీ గుంటలు తవ్వడానికి దీన్ని మించిన రోజులు లేవు. తీగకి ఒక గుంట, రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, గోడకి కనీసం అడుగున్నర దూరంలో. గోడకి ఆనించి తవ్వకండి, పునాది పక్కన మట్టి ఎప్పుడూ పొడిగా ఉంటుంది, పైగా గోడకీ మంచిది కాదు. తవ్వినప్పుడు వచ్చిన సిమెంటు గడ్డలు, ఇటుకలు అన్నీ ఏరి ఇంటి బయటికి పంపించెయ్యండి, ఇంకో మూలకి సర్దకండి, రేపు ఆ మూల కూడా మొక్క పెట్టాలనిపిస్తుంది. గుంటని పది పదిహేను రోజులు అలా ఎండకి వదిలెయ్యండి, వేరుపురుగు గుడ్లూ చెదలూ చాలావరకు ఆ వేడికి పోతాయి.

ఎండబెట్టాక ఒక పని చెయ్యండి, ఇది చాలామంది చెయ్యరు. గుంట నిండా నీళ్ళు పోసి వదిలెయ్యండి, మర్నాడు మళ్ళీ నింపి ఎంతసేపట్లో ఇంకిందో చూడండి. రెండు మూడు గంటల్లో ఇంకిపోతే బంగారం. సాయంత్రానికి ఇంకినా పర్లేదు. మర్నాటికి కూడా నీళ్ళు నిలబడి ఉన్నాయంటే కింద రేగడి గానీ సిమెంటు పొర గానీ ఉన్నట్టు, అలాంటి చోట వానాకాలంలో వేరు కుళ్ళి చస్తుంది, ఇంకో అరడుగు గునపంతో పొడిచి చూడండి, అప్పటికీ దిగకపోతే గుంట మానేసి నేల మీద ఇటుకలతో అడుగున్నర ఎత్తు కట్టు కట్టి అందులో మట్టి నింపి పెంచండి. సన్నజాజికీ మల్లెకీ కాళ్ళ కింద నీళ్ళు నిలిస్తే అస్సలు పడదు.

నింపేటప్పుడు మంచి ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్ట్ గానీ ఒక వంతు, మీ మట్టి జిగటైతే అర వంతు ముతక ఇసుక. గుంటకి పావుకిలో వేపపిండి. పేడ పచ్చిది మాత్రం వెయ్యకండి, చెదలకీ వేరుపురుగుకీ మనమే విందు పెట్టినట్టవుతుంది, నలిపితే పొడి అవ్వాలి, వాసన రాకూడదు, అదీ మాగిన ఎరువంటే. నింపాక రెండు సార్లు నీళ్ళు పెట్టి మట్టిని కుంగనివ్వండి, లేకపోతే నాటాక మొక్కతో సహా కుంగిపోతుంది.

మృగశిరలో మొదటి వానలు పడ్డా తొందరపడకండి, ఆ వానకి నేల లోపలి ఆవిరంతా పైకొస్తుంది. రెండు మూడు మంచి వానలు పడి నేల చల్లబడ్డాక, అంటే జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వచ్చాక నాటండి. ఆరుద్ర నుంచి ఆగస్టు ఆఖరు దాకా ఎప్పుడైనా బాగుంటుంది, అది తప్పితే అక్టోబర్. వర్షాలకి నాటిన మొక్కకి వచ్చే ఎండాకాలంలోపు తొమ్మిది నెలలు దొరుకుతాయి, ఆ తొమ్మిది నెలల్లో అది నేల లోపల చేసుకునే పనే మీకు పాతికేళ్ళు పూలిస్తుంది. అందుకే మొదటేడు పైన పెద్దగా ఎదగకపోయినా కంగారుపడి యూరియా వెయ్యొద్దు, అసలు ఆ యూరియా సంచి ఎవరికైనా ఇచ్చెయ్యండి. మీ సన్నజాజికీ కాగితం పూలకీ ఆకులే రావడానికి సగం కారణం అదే.

నాటే రోజు కవర్‌తో సహా మొక్కని బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి, పావుగంటో అరగంటో. తర్వాత కవర్ కోసి తీసి, ముద్ద పై పొరని వేళ్ళతో మెల్లగా రాల్చండి, అడుగున చుట్టచుట్టుకున్న వేర్లుంటే కత్తిరించండి, అప్పుడు కొత్త వేర్లు బయటి మట్టిలోకి పాకుతాయి. ఇది రాధామనోహరానికి, జాజులకి, మందారానికి చెయ్యొచ్చు గానీ కాగితం పూలకి మాత్రం చెయ్యొద్దు, దాని వేర్లు సన్నగా పెళుసుగా ఉంటాయి, ముద్ద చెదిరితే మొక్క పోతుంది. దానికి కవర్‌ని జాగ్రత్తగా చీల్చి ముద్దని అలాగే దింపి, ముద్ద మీదే పడేలా మొదటి నెల నీళ్ళు పొయ్యండి. కవర్లో మట్టి ఎంతవరకు ఉందో నేలలో కూడా అంతవరకే ఉండాలి, కాండం పాతిపెట్టకండి.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇష్టంగా పెంచేవాళ్ళ మొక్కలు ఎక్కువగా దీనివల్లే పాడవుతాయి. రెండు పూటలా ఒక్కో మగ్గు పోస్తే పై రెండంగుళాలే తడుస్తుంది, వేరు కూడా ఆ రెండంగుళాల్లోనే ఉండిపోతుంది, మీరు నాలుగు రోజులు ఊరెళ్ళారంటే వాడిపోతుంది. దానికి బదులు నాటిన మొదటి నెల వాన లేని రోజుల్లో రోజు విడిచి రోజు అయిదారు లీటర్లు, తర్వాత వారానికి రెండుసార్లు బకెట్ నిండా, అంటే పదిహేను లీటర్ల దాకా, నెమ్మదిగా ఇంకేలా పొయ్యండి. నీళ్ళ వెనకాలే వేరు కిందకి దిగుతుంది. అనుమానం వస్తే వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి, లోపల తడి ఉంటే ఆ రోజు వద్దు. మొదటి ఎండాకాలం మాత్రం రెండు రోజులకోసారి తప్పదు, మొక్క మొదట్లో కొబ్బరి పీచో ఎండాకులో నాలుగంగుళాల మందాన పరవండి, కాండానికి తగలకుండా కాస్త వదిలి. మూడో ఏటికి ఇంత పని ఉండదు.

బోరు నీళ్ళు పోస్తున్నారా? మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోందేమో చూడండి. అలా ఉంటే వానాకాలం ఆ గుంటల్లోకి డాబా మీది వాన నీళ్ళు వచ్చేలా పైపు తిప్పండి, పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. వాటర్ ప్యూరిఫయర్ శుద్ధి చేశాక వదిలేసే వృథా నీళ్ళు మొక్కలకి పోసేవాళ్ళున్నారు, అందులో ఉప్పు మామూలు నీళ్ళ కన్నా ఎక్కువ ఉంటుంది, అవి బాత్రూములు కడగడానికి వాడుకోండి. ఏసీ నీళ్ళు మాత్రం పట్టి పొయ్యండి, అందులో ఉప్పు దాదాపు ఉండదు, నూరువరహాలకి చాలా మంచివి.

తీగకి ఆధారం నాటిన రోజే పెట్టాలి, పెరిగాక పెడితే తీగలు విరుగుతాయి. గోడకి మేకు కొట్టి తాడు కడితే రెండేళ్ళు కూడా రాదు. గోడకి అయిదడుగులకో హుక్కు బిగించి, గోడ నుంచి నాలుగంగుళాలు ఎడంగా ఉండేలా జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనప వైరు, లాగండి, అడుగున్నరకి ఒక వరస చొప్పున నాలుగు వరసలు. ఆ నాలుగంగుళాల్లో గాలి ఆడుతుంది, గోడ వేడి నేరుగా ఆకుకి తగలదు, రేపు సున్నం వేయించాలన్నా పని జరుగుతుంది. కట్టడానికి పాత చీర పీలికలు వాడండి, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా, ప్లాస్టిక్ తాడూ బైండింగ్ వైరూ వాడితే కాండం లావెక్కేకొద్దీ కోసుకుపోతుంది. తీగని నిలువుగా పైకి వదిలేస్తే కొసన మాత్రమే పూస్తుంది, అదే అడ్డంగా వంచి కడితే ప్రతి కణుపు దగ్గరా కొమ్మలు లేచి గోడంతా పూలు నిండుతాయి. ఇదొక్కటి చేసినా మీ గోడ మారిపోతుంది, నేను చూసి చెప్తున్నాను.

కరెంటు సర్వీస్ వైరు ఉన్నవైపు పెద్ద తీగ ఏదీ వద్దు. సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ పైపుల పక్కన రాధామనోహరం వద్దు.

ఇప్పుడు ఒక్కో మొక్కకి వస్తాను. కాగితం పూల తీగని పీకొద్దు, అది బ్రహ్మాండంగా వేరు పట్టింది, ఇప్పుడు దాన్ని కొంచెం బాధపెట్టాలంతే. దాని సొంతూరు బ్రెజిల్ వైపు, 1760ల్లో బోగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడితో ఓడలో వెళ్ళిన కొమర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ చూసి ఆ నావికుడి పేరు మీద బోగన్‌విలియా అని పెట్టాడు. నీళ్ళు సమృద్ధిగా ఉన్నన్నాళ్ళు ఆకులేసుకుంటూ హాయిగా పెరుగుతుంది, కాస్త ఎండగడితేనే పూతకొస్తుంది. మనం పూరేకులనుకునే ఆ రంగు కాగితాలు నిజానికి ఆకులే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా సన్న గొట్టంలా ఉంటుంది చూడండి. వానాకాలం అయిపోయాక అక్టోబర్‌లో రోడ్డు మీదకి వాలిన కొమ్మలన్నీ మూడో వంతు కత్తిరించి, నీళ్ళు తగ్గించెయ్యండి, ఆకు కొద్దిగా వాలినప్పుడు మాత్రమే పొయ్యండి. కొత్త చిగుర్ల మీద పూత వస్తుంది, చలికాలం నుంచి ఎండాకాలం దాకా పూస్తుంది. ఒక విడత పూత రాలాక కొసలు తుంచితే మళ్ళీ ఇంకో విడత. ముళ్ళు పెద్దవి, పాప ఎత్తుకి అందేవాటిని ముందే కోసెయ్యండి.

రాధామనోహరం మళ్ళీ పెట్టండి, నా మాట మీద పెట్టండి. పడమర గోడకి దాన్ని మించిన తీగ మన ఊళ్ళలో లేదు. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎర్రగా అవుతుంది, ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి. మొదటి రాత్రి తెలుపుకీ వాసనకీ పొడుగు తొండం ఉన్న రాత్రి పురుగులు వస్తాయి, రంగు తిరిగాక పగలు తేనెటీగలూ సీతాకోకచిలుకలూ. ఒంటి రేకుదీ ఉంది ముద్ద రకమూ ఉంది, ముద్దది చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ నా వరకు ఒంటి రేకుదే ఇష్టం. రెండు విషయాలు గుర్తుంచుకోండి, వేర్ల నుంచి పిలకలు తోసుకొస్తుంది, మూడడుగుల అవతల కూడా లేస్తాయి, వాటిని చిన్నప్పుడే లాగెయ్యాలి. రెండోది, ఏటా ఒకసారి పూత తగ్గాక, మన వైపు జనవరి ప్రాంతంలో, గట్టిగా కత్తిరించాలి, కొత్త కొమ్మకే పూస్తుంది కాబట్టి భయపడక్కర్లేదు. కత్తిరించకుండా అయిదేళ్ళు వదిలేస్తే పైన గొడుగులా, కింద మోడులా తయారవుతుంది.

సన్నజాజి మీ దగ్గర పూయకపోవడానికి యూరియా ఒకటి, రెస్టు లేకపోవడం ఇంకోటి, పక్కనే కాగితం పూల తీగ కమ్మేసి నీడ పడటం మూడోది. రోజుకి ఆరు గంటల ఎండ తగలకపోతే జాజి ఆకులతోనే సరిపెట్టుకుంటుంది. మైలవరం వైపు మల్లె తోటలున్నాయి కదా, మీకు దగ్గరే, చలికాలంలో ఓసారి వెళ్ళి చూసి రండి. పూత కోసం మల్లెకి ముందు నీళ్ళు ఆపేస్తారు, ఆకు రాలుస్తారు, తర్వాత మోకాలెత్తు దాకా కత్తిరిస్తారు, అప్పుడు ఎరువేసి నీళ్ళు కడతారు, ఆ చిగురుతో పాటే మొగ్గ వస్తుంది. ఇంట్లో కూడా అంతే. మల్లెకైతే నవంబర్ ఆఖరు, డిసెంబర్, జాజులకి డిసెంబర్ ఆఖరు నుంచి జనవరి. కత్తిరించే ముందు రెండు మూడు వారాలు నీళ్ళు ఆపండి. తీగ జాజిని మల్లెలాగా మోకాలెత్తుకి కొట్టక్కర్లేదు, ఎండు కొమ్మలూ పెన్సిల్ కన్నా సన్నటి పాత కొమ్మలూ తీసేసి, మిగతావి సగానికి తగ్గించండి. మొగ్గలు ఊదారంగుకి తిరిగి రంధ్రాలు పడి గూడులాగా అల్లుకుంటే మొగ్గతొలుచు పురుగు, అలాంటి మొగ్గలు ఏరి పారేసి లీటరు నీళ్ళకి అయిదు మిల్లీ వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి వారానికోసారి సాయంత్రం పూట కొట్టండి. పిండినల్లికి కూడా అదే మందు, అంతకుముందు పైపుతో గట్టిగా నీళ్ళు కొడితే సగం పోతుంది.

జాజి బాగా ఉంటే దాన్నుంచే ఇంకో రెండు చేసుకోవచ్చు, కొనక్కర్లేదు. వానాకాలంలో కింద ఉన్న కొమ్మని నేలకి వంచి, కణుపు దగ్గర బెరడు కొంచెం గీరి, మట్టి కప్పి పైన ఒక రాయి పెట్టండి. అంటు తొక్కడం అంటాం మేము. మూడు నెలలకి వేరు వస్తుంది, తల్లి నుంచి కోసి వేరే చోట పెట్టుకోవడమే. మా ఇంట్లో ఉన్న జాజి మా అమ్మమ్మ గారి ఊరు నుంచి ఇలా వచ్చిందే, ఆ ఇల్లు ఇప్పుడు లేదు, తీగ మాత్రం మా అక్క ఇంట్లో, మా ఇంట్లో, మా అమ్మాయి ఇంట్లో పూస్తోంది.

నూరువరహాలకి అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, లీటరుకి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి, సాయంత్రం ఆకులు తడిసేలా పది రోజులకోసారి మూడుసార్లు కొట్టండి. టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పడతాయి, కింద గోనె పరుచుకోండి. పాత ఆకులు పచ్చబడవేమో గానీ కొత్త చిగుర్లు పచ్చగా వస్తాయి. కానీ అది పై పూతే, జూలైలో ఒక పెద్ద కుండీలోకి గానీ శుభ్రం చేసిన గుంటలోకి గానీ మార్చకపోతే మళ్ళీ అదే గొడవ. దీనికి కట్టెల బూడిద వెయ్యొద్దు, క్షారం ఇంకా పెరుగుతుంది. మిగతా వాటికి బూడిద ఒక గుప్పెడు మంచిదే. ఎరువు ఏడాదికి రెండుసార్లు చాలు, ఆరుద్రలో ఒకసారి, కత్తిరింపు అయ్యాక ఒకసారి, గుంటకి ఒక తట్ట మాగిన ఎరువు, ఒక గుప్పెడు ఎముకల పొడి, వేపపిండి.

గోడ నిండేదాకా ఖాళీగా ఉంటుందని దిగులు పడకండి, మధ్యలో శంఖుపూల గింజలు రాత్రి నానబెట్టి పెట్టండి, రెండు నెలల్లో పూస్తుంది, చిక్కుడు జాతిది కాబట్టి వేరు బుడిపెల్లో నత్రజని పట్టి నేలకి మేలు చేస్తుంది. తీగల మధ్య ఖాళీలో మెట్టతామర, నందివర్ధనం వేసుకోవచ్చు, రెండూ ఏళ్ళ తరబడి ఉండేవే. కనకాంబరానికి సగం నీడ కావాలి కాబట్టి తూర్పు వైపు పెట్టండి. వంటింటి వైపు చోటుంటే ఒక దొండ పాదు పెట్టండి, గింజతో కాదు, కాపు కాస్తున్న పాదు నుంచి కొమ్మ తెచ్చి, గింజతో మొలిచింది మగ పాదైతే ఏళ్ళు పెంచినా ఒక్క కాయ రాదు. మూడేళ్ళ పాప ఉంది కాబట్టి పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు, అల్లమండ ఇప్పట్లో వద్దు, గన్నేరైతే ఆకు నమిలినా ప్రమాదం. బిళ్ళగన్నేరు కూడా నోట్లో పెట్టుకునేది కాదు, వేసుకుంటే పాప చేతికి అందని చోట పెట్టండి. ఇంకోటి, గోడకి అతుక్కుని పాకే చిన్నాకుల ఫైకస్ తీగ ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి, వేర్లతో ప్లాస్టరింగ్ పట్టేసుకుంటుంది, తర్వాత పీకితే గోడ పెచ్చులు ఊడొస్తుంది.

అత్తగారికి ఇలా చెప్పండి, పాము పూల వాసనకి రాదు, ఎలకలకీ కప్పలకీ వస్తుంది. తీగ మొదట్లో కింద అడుగున్నర దాకా ఆకూ కొమ్మా లేకుండా శుభ్రంగా ఉంచి, ఇటుకల కుప్పలు, పాత చెక్కలు ఆ వారన లేకుండా చూసి, పరిచిన ఎండాకులు తీగ మొదట్లోనే ఉంచితే ఆవిడ నిశ్చింతగా సాయంత్రం అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. చీకటి పడ్డాక పూలు కొయ్యాలంటే మాత్రం లైటు వేసుకునే వెళ్ళమనండి.

మీ చెల్లికి నేను చెప్పినవి చాలావరకు వర్తించవు. డల్లాస్‌లో చలికి గడ్డకడుతుంది, 2021 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది, మల్లెగానీ రాధామనోహరంగానీ నేలలో పెడితే ఆ చలికి నిలవవు. మల్లెని కుండీలో పెంచి రాత్రి చలి పది డిగ్రీల కిందకి వస్తోందనగానే ఎండ వచ్చే కిటికీ పక్కకి లోపలికి తెచ్చుకోవాలి. ఫెన్స్ మీదకి తీగ కావాలంటే అక్కడ స్టార్ జాస్మిన్ అని అమ్ముతారు, జాజి జాతి కాదు గానీ వాసన బాగుంటుంది, మామూలు చలికి తట్టుకుంటుంది. కరోలినా జెస్సమిన్ అని పసుపు పూలది కూడా ఉంటుంది, పేరు చూసి మన జాజి అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం, మొక్కంతా విషమే, ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

ఈ వారం గేటు పక్క ఒక్క గుంట తవ్వించి, లోపల ఏం బయటపడిందో, రెండోసారి నింపిన నీళ్ళు ఎన్ని గంటల్లో ఇంకాయో రాయండి. దాన్నిబట్టి మిగతావి గుంటలు తవ్వించాలో ఇటుక కట్టు కట్టించాలో చెప్తాను, మేస్త్రీకి డబ్బులిచ్చే ముందు ఆ సంగతి తేలాలి.